సూతకం లేని పుస్తకాలు

ఫోను మోగినప్పుడు శశిభూషణ్ చేతిలో ఒక చెరకు రైతు లోను ఫైలు ఉంది. సంతకం పెట్టడానికి అప్పుడే కలం మూత తీశాడు.

“పాలకొల్లు నుంచి చిట్టియ్యనండి,” అన్నాడు అవతల, ప్లీడరు లక్ష్మీనరసింహం గారి దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తాగా చేసిన మనిషి. “అయ్యగారి పుస్తకాలు ఇవాళ సాయంత్రం కాటాకి పోతున్నాయండి. పాత కాగితాల బుల్లిరాజుకి మాటిచ్చేశారు.”

“ఎవరిచ్చారు?”

“తమ్ముడుగారండి, సత్తిబాబు గారు. గది ఖాళీ కావాలంట.”

“చరిత్ర పుస్తకాలు కూడానా?”

“ఆయనకి చరిత్రేంటండి, లా రిపోర్టేంటండి. ఏదైనా కిలోల్లోనే కదా తూగేది.”

శశిభూషణ్ కలానికి మూత పెట్టేశాడు. ఎదురుగా కూర్చున్న రైతు, పని అయిపోయిందనుకుని లేచి దణ్ణం పెట్టాడు.

“రేపు రండి,” అన్నాడు శశిభూషణ్.

“రేపు కూడా అదే మాటంటారేమోనండి.”

“అనను. రేపు రండి.”

తలనొప్పి అని మేనేజరుకి చెప్పి, రెండు నిమిషాల్లో రోడ్డు మీదికి వచ్చాడు. పాలకొల్లు బస్సు కదులుతుంటే వెనక మెట్టు పట్టుకుని ఎక్కాడు. నలభై అయిదేళ్ల బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు అలా ఎక్కడం చూసి కండక్టరు జరిగి చోటిచ్చాడు.

తణుకులో అతని మేడ మీది గది నిండా చరిత్ర పుస్తకాలే. టేకు బీరువాలకి అద్దాల తలుపులు. ఒక్కో అరకీ ఒక్కో వంశం పేరు చీటీ మీద రాసి అంటించి ఉంటుంది. శాతవాహనుల అర నిండింది. రెడ్డి రాజులది దాదాపు నిండింది. సొంత జిల్లా చరిత్రకి కట్టించిన పెద్ద అరే సగం బోసిగా ఉంది. వేంగి చాళుక్యుల మీద, శాసనాల మీద, డచ్చివాళ్ల వర్తకం మీద అతనికి కావలసినవన్నీ పాలకొల్లులో ఒకే గదిలో ఉన్నాయి. లక్ష్మీనరసింహం గారు బతికున్నంత కాలం వాటిని చూడనిచ్చారు గాని ముట్టుకోనివ్వలేదు. ఆయన పోయి మూడు నెలలైంది. నెల మాసికం అయ్యాక అడుగుదామని, రెండో నెల అయ్యాక అడుగుదామని శశిభూషణ్ మర్యాదగా ఆగాడు. ఆ మర్యాదే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది.

అతను వెళ్లేసరికి సత్తిబాబు టేపు పట్టుకుని ముందుగది గోడలు కొలుస్తున్నాడు. అతని పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరుతో అతన్ని పిలిచేది కరెంటు బిల్లు ఒక్కటే.

“రండి ఆఫీసరు గారూ. ఇక్కడ ఆరు సిస్టమ్స్, అక్కడ నాలుగు. కిటికీ దగ్గర ఏసీ. విజయదశమికి ఓపెనింగు. శ్రీవాణి కంప్యూటర్స్. పేరు బాగుందాండీ?”

“బాగుంది,” అన్నాడు శశిభూషణ్. అతని చూపు బీరువాల మీద ఉంది.

అక్కడే పొరపాటు చేశాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, పోయినాయన గురించి నాలుగు మాటలు చెప్పి, ఆ తర్వాత మెల్లగా విషయంలోకి రావలసింది. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లాడు. తలుపు తెరిచి మూడో అరలోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. అట్ట లోపలి పేజీ తిప్పి అచ్చయిన ఏడాది చూశాడు. వెన్ను మీద వేలు పెట్టి కుట్టు చూశాడు. పక్కది తీశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

సత్తిబాబు టేపు చుట్టేశాడు.

“అంత మంచిదాండీ అది?”

“అబ్బే, ఊరికే చూస్తున్నాను.”

“ఊరికే చూడ్డానికి ఈ ఎండలో తణుకు నుంచి వస్తారేంటండీ.”

“చరిత్ర పుస్తకాలు నాకిచ్చెయ్యండి సత్తిబాబు గారూ. బుల్లిరాజు ఇచ్చేదానికి రెండింతలిస్తాను.”

రెండో పొరపాటు అది. సత్తిబాబు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, జేబులోంచి సెల్‌ఫోను తీసి, సిగ్నలు కోసం వాకిట్లోకి నడిచాడు. కొబ్బరిచెట్టు కింద నిలబడి గట్టిగా మాట్లాడిన మాటలన్నీ గదిలోకి వినిపించాయి. ముందు బుల్లిరాజుకి చేశాడు, వ్యాను వద్దని. తర్వాత రాజమండ్రికి చేశాడు. అక్కడ పాత పుస్తకాల విలువ కట్టేవాళ్లున్నారని, వాళ్లు హైదరాబాదుకీ మద్రాసుకీ పంపిస్తారని ఎవరో చెప్పారట. రేపు పొద్దున్నే మనిషి వస్తాడు.

“మీరు రావడం మంచిదైందండి,” అన్నాడు లోపలికి వస్తూ. “లేకపోతే తూకానికి పోయేవి. మీరు కూడా రేపు రండి, ఆయన చెప్పే రేటు చూసుకుని మాట్లాడుకుందాం.”

రాజమండ్రి మనిషి వస్తే ఏం జరుగుతుందో శశిభూషణ్‌కి తెలుసు. మంచివి పది ఏరుకుని జేబులో పెట్టుకున్నంత సులువుగా పట్టుకుపోతాడు. మిగతావి మళ్లీ బుల్లిరాజుకే. రేపు పొద్దుట లోపల ఏదో ఒకటి చెయ్యాలి.

లోపలి గుమ్మంలో శ్యామలాంబ నిలబడి ఉంది. లక్ష్మీనరసింహం గారి భార్య. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. ఆ గది గడప దాటకుండా చెయ్యి చాపి గ్లాసు అందించింది.

“ఇవాళ మూలా నక్షత్రం కదా పిన్నిగారూ,” అన్నాడు శశిభూషణ్ గ్లాసు అందుకుంటూ.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. పొద్దున్న భార్య హైమ కేలండరు చూసి అన్న మాట. వచ్చాక మిగతాది దానంతటదే అల్లుకుంది.

“అవునండి,” అంది శ్యామలాంబ.

“పుస్తకాలు పీట మీద పెట్టలేదేంటి మరి?”

“ఏటి సూతకం కదండీ. ఏడాది తిరిగేదాకా మా ఇంట్లో పండగ లేదు.”

“సూతకం మనుషులకి గాని పుస్తకాలకేంటండీ. మూలనాడు సరస్వతీదేవిని ఇంత పుస్తకాల గదిలో ఒంటరిగా వదిలేస్తే ఎలా? పైగా...” అతను గొంతు కొంచెం పెంచాడు. “దశమినాడు ఇదే గదిలో చదువు తాలూకు వ్యాపారం మొదలెడుతున్నారు. అమ్మవారి పేరే పెట్టారు. పూజ చెయ్యకపోగా, మూలనాడు పుస్తకాలు బేరం పెట్టడం మంచిదేనంటారా?”

మళ్లీ కొలవడం మొదలెట్టిన సత్తిబాబు చేతిలో టేపు ఆగిపోయింది. ముహూర్తం చూడకుండా క్షవరం కూడా చేయించుకోని మనిషి అతను. ఏసీ ఏ దిక్కున పెట్టాలో సిద్ధాంతిని అడిగి వచ్చాడు.

“ఒకసారి పీటెక్కిస్తే దశమి దాకా కదపకూడదు కదా,” అన్నాడు అనుమానంగా.

“కదపకూడదు. దశమి పొద్దున్నే తీసేయొచ్చు. మీ ఓపెనింగు పదింటికైతే, ఎనిమిదింటికల్లా గది ఖాళీ.”

“సూతకం ఇంట్లో పూజ చెయ్యొచ్చా వదినా?”

శ్యామలాంబ శశిభూషణ్ మొహంలోకి చూసింది. తర్వాత బీరువాల వైపు చూసింది.

“చెయ్యకూడదు. ఇంటివాళ్లం చెయ్యకూడదు. బయటివాళ్లు చేస్తే తప్పులేదు,” అంది. “శశిభూషణ్ గారు చేస్తారు. పసుపూ కుంకం తెస్తాను, ఉండండి.”

సత్తిబాబు ఉసూరుమంటూ మళ్లీ సెల్‌ఫోను తీశాడు. రాజమండ్రి మనిషిని దశమి తర్వాత రమ్మన్నాడు.

శశిభూషణ్ లెక్క ప్రకారం పైనున్న రెండు పుస్తకాలు పీట మీద పెట్టి, ఒక పువ్వు వేసి లేచిపోవాలి. శ్యామలాంబ లెక్క వేరు. పసుపు ముద్ద కలిపి గిన్నెలో తెచ్చింది. పీట చాలదని నవారు మంచం మీద దుప్పటి పరిపించింది. చాలాసేపు గడప అవతలే నిలబడి, ఆ తర్వాత కుడికాలు లోపల పెట్టింది.

“మీరు బొట్లు పెడుతూ ఉండండి. నేను అందిస్తాను.”

“అన్నిటికీనా?”

“ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే బాగుంటుందాండీ.”

అతను తన ఇంట్లో పుస్తకాన్ని తడి చేత్తో ముట్టుకోడు. హైమని ముట్టుకోనివ్వడు. ప్రతిదానికీ ప్లాస్టిక్ అట్ట వేస్తాడు. ఇప్పుడు తోలు అట్టల మీద, బంగారు అక్షరాల పక్కన, స్వయంగా పసుపు రాయాలి. మొదటిదానికి వేలికొసతో కనపడీ కనపడనట్టు రాశాడు.

“అంటలేదండి,” అంది శ్యామలాంబ.

మళ్లీ రాశాడు. పసుపు తోలులోకి ఇంకింది. దాని మీద కుంకం అద్దాడు. అలాంటి పుస్తకం ఇంకొకటి దొరకడం కష్టమని అతనికి తెలుసు.

ఆమె బీరువాలోంచి ఒక్కొక్కటే తీసేది. చీర కొంగుతో పైనా కిందా తుడిచేది. అరల మూలల్లో ఎండిన వేపాకు, వెండిరంగు పురుగులు. వాటిని కొంగుతోనే దులిపేది. తెలుగు పుస్తకమైతే పేరు పైకి చదివేది, కూడబలుక్కుంటూ కాదు గాని, ఆగి ఆగి. ఇంగ్లీషుదైతే అతనికి చూపించేది.

“ఇదేంటండీ?”

“శాసనాలు. రాళ్ల మీద చెక్కినవి.”

“ఇది?”

“డచ్చివాళ్లు. మన పాలకొల్లులో గిడ్డంగి కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు.”

“మన పాలకొల్లులోనా? ఎక్కడ?”

“ఇక్కడే ఎక్కడో,” అన్నాడు శశిభూషణ్.

“ఏం బట్టలు?”

“రాసి ఉంటుందండి అందులో.”

ఆమె ఆ పుస్తకాన్ని వెంటనే ఇవ్వలేదు. బరువు చూస్తున్నట్టు రెండు చేతుల్లో కాసేపు పట్టుకుంది. సాయంత్రానికి చరిత్ర పుస్తకాలన్నీ మంచం ఎక్కాయి. లా రిపోర్టులకి వరసకొక బొట్టు చాలని ఆమే అంది. శశిభూషణ్ వేళ్లు పచ్చగా అయ్యాయి, నడుం పట్టేసింది.

“దశమి పొద్దున్నే వ్యాను తెస్తాను పిన్నిగారూ,” అన్నాడు చెప్పులు వేసుకుంటూ, సత్తిబాబు పెరట్లో ఉన్నాడని చూసుకుని. “ఈ మంచం మీదివన్నీ నాకివ్వండి. బీరువా మీద ఆయన పేరు రాయించి పెడతాను. డబ్బు మీ చేతికే ఇస్తాను.”

“ముందు పూజ కానివ్వండి,” అందామె.

అతను దాన్ని సరే అన్నట్టుగానే లెక్కేసుకున్నాడు.

మర్నాడు బ్యాంకుకి చెరకు రైతు మళ్లీ వచ్చాడు. శశిభూషణ్ సంతకం పెట్టేటప్పుడు, ఆ పచ్చటి వేళ్లు చూసి, “ఇంట్లో శుభకార్యమాండీ?” అన్నాడు. శశిభూషణ్ నవ్వి కలానికి మూత పెట్టాడు.

ఇంటి దగ్గర మేడ మీది గదిలో సర్దుడు మొదలైంది. జిల్లా అర ఖాళీ చేసి, తుడిచి, కొత్త పేపరు పరిచాడు. అంటించడానికి నంబరు చీటీలు కోశాడు. హైమ కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఈ మూల కట్టలేంటండీ, తాళ్లు కూడా విప్పలేదు?”

“కాకినాడలో కొన్నవి. విప్పుతాను.”

“కాకినాడ వెళ్లింది మా చెల్లెలి గృహప్రవేశానికి. దాని పాప బళ్లో కూడా చేరిపోయింది.”

“అప్పటికింకా పాప పుట్టలేదుగా.”

“అదేనండి నేననేది,” అంది హైమ, గ్లాసు కిటికీలో పెట్టి.

“పుస్తకాలు ముందు చేర్చాలి. చదవడానికేముంది, రిటైరయ్యాక చదువుకోవచ్చు.”

“లక్ష్మీనరసింహం గారు చదివారా మరి అన్నీ?”

ఆ ప్రశ్న ఇన్నాళ్లూ అతనికి రాలేదు. కాఫీ తాగుతూ ఆలోచించాడు. ఆయన పుస్తకాల్లో ఎక్కడా పెన్సిలు గీత కూడా లేదు. కొన్నిటికి అచ్చులో అతుక్కుని వచ్చిన పేజీల అంచులు కూడా కోసి లేవు. అది మంచిదే అనుకున్నాడు. కొత్తవాటిలా ఉంటాయి.

దశమి నాడు తెల్లవారుతూనే వ్యానులో బయల్దేరాడు. డ్రైవరు బంగార్రాజు దారిలో వ్యానుకి ఆయుధ పూజ సరిగా జరగలేదని గొణుగుతూ, పెనుగొండలో ఒకసారి, మార్టేరులో ఒకసారి ఆపి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాడు. అట్టపెట్టెలు, గోనె పట్టాలు, పురికొస, అన్నీ వెనక సిద్ధంగా ఉన్నాయి.

పాలకొల్లు ఇంటికి మామిడాకు తోరణం లేదు గాని, ముందుగది గుమ్మానికి మాత్రం ప్లాస్టిక్ పువ్వుల దండ ఉంది. లోపల తెల్లటి సున్నం వాసన. బల్లలు వేశారు. బల్లల మీద గుడ్డ కప్పిన మానిటర్లు.

మంచం లేదు. పుస్తకాలు లేవు.

శశిభూషణ్ బల్లల కిందికి వంగి చూశాడు. రాజమండ్రి మనిషి ముందే వచ్చాడా? బుల్లిరాజా?

“ఏవండీ పుస్తకాలు?”

“నన్నడుగుతారేంటండీ,” అన్నాడు సత్తిబాబు, వైర్లు తొక్కకుండా జాగ్రత్తగా నడుస్తూ. మొహం మాడ్చుకుని ఉన్నాడు. “మీరు పూజ వెలగబెట్టి వెళ్లిపోయారు. వదిన తన గదిలో పెట్టుకుంది. లా రిపోర్టులు నాకు వదిలేసింది, బుల్లిరాజు తీసుకుపోయాడు. చరిత్రవి మాత్రం కదపనివ్వనంటోంది. నా ముందుగది నాకిచ్చింది కదా, ఇంకేమంటాను.”

శ్యామలాంబ గది పెరటి వైపు ఉంది. మంచం వరండాలోకి వచ్చేసింది. గదిలో గోడ పొడుగునా ఇటుకల మీద బల్లచెక్కలు, చెక్కల మీద పుస్తకాలు. వంశాల ప్రకారం లేవు, సైజుల ప్రకారం లేవు. తెలుగువి కింద, ఇంగ్లీషువి పైన. ప్రతిదాని అట్ట మీదా అతను పెట్టిన పసుపు ఎండి బీటలిచ్చింది. ఆమె కిటికీ దగ్గర చాప మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో పుస్తకం తెరుచుకుని ఉంది. పేజీల అంచులు కోయడానికి కూరగాయల కత్తి పక్కన పెట్టుకుంది.

“రండి, కూర్చోండి,” అంది. పేజీలో ఒక కొబ్బరి ఈనె పెట్టి పుస్తకం మూసింది.

“వ్యాను తెచ్చాను పిన్నిగారూ.”

“చూశాను.”

“మీరు ఇస్తానన్నారు.”

“నేనలా అన్లేదండి. పూజ కానివ్వండి అన్నాను.”

అతను ఒప్పుకోక తప్పలేదు. చాప అంచున కూర్చున్నాడు.

“సూతకం ఇంట్లో మూలపూజ ఉండదని మీకు తెలుసు,” అంది ఆమె నెమ్మదిగా. “నాకూ తెలుసు. బయటివాళ్లు చెయ్యొచ్చన్నది నేను అప్పటికప్పుడు పుట్టించిన మాట. మీరొకటి చెప్పారు, నేనొకటి చెప్పాను. సత్తిబాబు రెండూ నమ్మాడు. ఈ గది ఖాళీ చేసుకోడానికి నాకు నాలుగు రోజులు కావలసొచ్చింది.”

శశిభూషణ్ గోళ్లలో మిగిలిన పసుపు గీక్కున్నాడు.

“ఆయన నన్ను ఆ గదిలో అడుగు పెట్టనివ్వలేదు. తుడవడానిక్కూడా చిట్టియ్యే. చిందరవందర చేస్తాననేవారు. అది ఆయన ఇష్టం, పోనివ్వండి. పూజలో ఉన్న పుస్తకం తెరవకూడదంటారు కదా. అది పూజ కాదు కనక నేను మర్నాడే తెరిచాను. ఇది రెండోది.” ఒళ్లోని పుస్తకం చూపించింది. “వేంగి రాజులు. అన్నదమ్ములు కొట్టుకోవడంతోనే సరిపోయింది వీళ్లకి. ఇంటింటి రామాయణమే. ఒక రాజు తమ్ముణ్ణి తరిమేస్తాడు. ఆ తమ్ముడు ఏమయ్యాడో ఇందులో లేదు, రెండో భాగంలో ఉందని రాశాడు. అది ఇక్కడ లేదు. మీ దగ్గరుందా?”

“ఉంది.”

“ఏమయ్యాడండీ ఆ తమ్ముడు?”

రెండో భాగం తణుకులో ఏ అరలో ఉందో, ఎన్నో నంబరో, ఎవరి దగ్గర కొన్నాడో, అట్ట ఏ రంగో శశిభూషణ్ చెప్పగలడు. కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. తులసికోట మీద కాకి ఒకటి ప్లాస్టిక్ పువ్వు పట్టుకుని పీకుతోంది.

“గుర్తులేదండి,” అన్నాడు.

ఆమె అతన్ని ఇంకేమీ అడగలేదు. అదే ఎక్కువ ఇబ్బందిగా ఉంది. ముందుగదిలోంచి సిద్ధాంతి మంత్రాలు మొదలయ్యాయి. వాటి మధ్యలో ఏదో కంప్యూటరు ‘టింగ్’మంది.

అంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్లడం అతని వల్ల కాలేదు. గోడ వంక చూశాడు. పై చెక్కల మీద ఇంగ్లీషువి. అసలు విలువంతా వాటిదే.

“పోనీ ఇంగ్లీషువైనా ఇవ్వండి పిన్నిగారూ. అవి మీరు చదవలేరు కదా.”

“చదవలేను,” అంది శ్యామలాంబ. “మీరు చదవగలరు.”

లేచి, పై చెక్క మీద వెతికింది. అక్షరాలు తెలియకపోయినా అట్ట గుర్తుపెట్టుకున్నట్టుంది. డచ్చివాళ్ల పుస్తకం తీసి, కొంగుతో తుడిచి అతని ముందు పెట్టింది.

“ఇది తీసుకెళ్లండి. చదివి, వచ్చే ఆదివారం కాకపోతే ఆపై ఆదివారం వచ్చి ఇందులో ఏముందో నాకు చెప్పండి. ఆ బట్టలేంటో, ఆ గిడ్డంగి ఎక్కడ కట్టారో. చెప్పాక ఇది ఇక్కడ పెట్టేసి రెండోది పట్టుకెళ్లండి. వచ్చేటప్పుడు మీ దగ్గరున్న ఆ రెండో భాగం తెచ్చిపెట్టండి. చదివి ఇచ్చేస్తాను. పేజీలు కోసి లేకపోతే నేను కోసుకుంటాను.”

“నేను పుస్తకాలు బయటికివ్వనండి,” అన్నాడు శశిభూషణ్ అలవాటుగా.

“ఆయనా ఇచ్చేవారు కాదు,” అందామె. “కాఫీ తాగుతారా?”

వ్యాను వెనక తలుపు తీసి, పట్టాలు పరిచి నిలబడ్డ బంగార్రాజు, ఒక్క పుస్తకంతో వస్తున్న శశిభూషణ్‌ని చూసి అతని వెనక చూశాడు. ఇంకెవరూ రావడం లేదు.

“సామానేదండీ?”

“ఇదే.”

“దీనికి సైకిలు చాలు కదండీ.”

శశిభూషణ్ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఊరు దాటేదాకా పుస్తకం ఒళ్లో అలాగే ఉంది. తర్వాత తెరిచాడు. అచ్చయిన ఏడాది చూశాడు, ప్రెస్సు పేరు చూశాడు, కుట్టు చూశాడు, మూసేశాడు. రోడ్డు పక్క కాలవలో నీళ్లు అంచుల దాకా ఉన్నాయి.

“దీనికోసం అంత దూరం వచ్చారు, ఏముందండీ అందులో?” అన్నాడు బంగార్రాజు.

“పాలకొల్లు గురించి. డచ్చివాళ్లు ఉండేవారు.”

“మన పాలకొల్లులోనా? ఎప్పుడండీ? ఎందుకొచ్చారండీ ఇక్కడికి?”

“నేనింకా చదవలేదు,” అన్నాడు శశిభూషణ్.

“తణుకు దాకా ఖాళీయే కదండీ. చదవండి, నేనూ వింటాను. తెలుగులో చెప్పండి గాని.”

శశిభూషణ్ మళ్లీ తెరిచాడు. మొదటి రెండు కాగితాలు అంచు కోయకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. జేబులోంచి తాళంచెవి తీసి, మధ్యలో దూర్చి, చిరగకుండా మెల్లగా పైకి కోశాడు. మొదటి వాక్యం లోపల చదువుకున్నాడు. అర్థం చేసుకున్నాడు. ఇంజను చప్పుడు మీద వినపడేలా గొంతు పెంచి, దాన్ని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.